ఊరి పత్రిక, కచేరీ దస్త్రము

తెలుగు పత్రికల చరిత్రను వ్రాయువారు సామాన్యముగా రాజద్రోహపు కేసుల వద్ద ఎక్కువసేపు నిలుతురు. 1908వ సంవత్సరమున బెజవాడనుండి వెలువడుచుండిన ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పులను గర్హించుచు వ్రాసిన వ్యాసమునకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కారాగారమునకు పోవుటయు, క్రిందికోర్టు విధించిన ఆరు మాసముల శిక్షను హైకోర్టు మూడు సంవత్సరములకు పెంచుటయు పలుమారులు చెప్పబడిన కథయే. ఆ త్యాగమును కాదనువారెవ్వరు? అయినను, సప్తసముద్రములకావలనుండి ఏలుచున్న ప్రభుత్వమును నిందించుటకు కావలసిన ధైర్యమొకటి. ఎదురువీథి మునసబుగారు నిన్నటి తీర్పునకు ఎవరివద్ద ఏమి పుచ్చుకొనిరో ఆధారముతో తేల్చి అచ్చు వేయించుటకు కావలసిన ధైర్యము వేరొకటి. మొదటిదానికి ఊరు పూలదండలతో ఎదురువచ్చును. రెండవదానికి ఊరు తలుపులు బిగించుకొని, లోపల కూర్చుండి, పత్రికను మాత్రము అక్షరము వదలక చదువును. మరునాడు ఆ సంపాదకుడు అంగడికి పోయినప్పుడు పలుకరించువారు కూడ అటునిటు చూచి మరి పలుకరింతురు.

ఈ రెండవ తరహా పనికి తెలుగునాట నూటయేబదియేండ్ల చరిత్ర కలదు. దానికి ఆదిపురుషుడు కందుకూరి వీరేశలింగం పంతులుగారని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. 1874 అక్టోబరు మాసమున ‘వివేకవర్ధని’ని ఆరంభించునాటికి ఆయన గోదావరి యానకట్ట చెంతనున్న ధవళేశ్వరమున బడిపంతులు, వయస్సు ఇరువదియారేండ్లు. సర్కారు కొలువు కావలెనన్న చేయి తడుపక తప్పదని తెలిసి ఆ త్రోవను విడిచి, వకీలు పనిలో అసత్యము తప్పదని దానికిని నమస్కరించి, ఉపాధ్యాయ వృత్తిలో కుదురుకొనిన వారగుటచే, కచేరీల వరండాలలో నడచు వ్యవహారము ఆయనకు విని తెలిసినది కాదు, చూచి తెలిసినది. పత్రికకు ఆయన చెప్పుకొనిన ఉద్దేశములు రెండు: ఒకటి భాషాభివృద్ధి, రెండవది దేశమందలి దురాచారముల నిర్మూలనము. లంచము ఈ రెండవదానిలోనిదని ఆయన భావించిరి. నేడు మనము సంఘసంస్కరణమొక పుటలోను, అవినీతి మరియొక పుటలోను వేసికొందుము గాని, ఆయన దృష్టిలో బాల్యవివాహమునకు కన్యాశుల్కము పుచ్చుకొను తండ్రియు, తీర్పునకు రొక్కము పుచ్చుకొను న్యాయాధిపతియు ఒక్క బంతిలో కూర్చుండదగినవారే.

కాలమును గూడ కొంచెము తలపోయవలెను. కాటన్ దొర యానకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. నీరు పారిన చోట నేలకు వెల పెరిగెను. వెల పెరిగిన నేలకు సరిహద్దు తగవులు, వారసత్వపు తగవులు, తాకట్టు తగవులు పుట్టెను. తగవులతోపాటు దావాలును, దావాలతోపాటు మునసబు కోర్టుల ముంగిట చెట్లనీడన కాగితములు పట్టుకొని కూర్చుండు జనమును పెరిగిరి. ఇంగ్లీషు చట్టము, తెలుగు కక్షిదారు, వారి నడుమ వకీలు, వకీలు గుమాస్తా, కోర్టు గుమాస్తా, అమీనా, బంట్రోతు: ఇందరి చేతులు దాటి రావలసిన న్యాయమునకు దారిఖర్చు తగులుట వింత కాదు. ఊరిలో అందరును ఎరిగినదే. ఎరిగినదానిని అచ్చులో పెట్టుటకు మాత్రము ఎవ్వరును లేకుండిరి.

వీరేశలింగం పంతులుగారు పెట్టిరి. గోదావరి మండలమున ఒక మునసబు చెప్పవలసిన తీర్పును కక్షిదారుని పక్షపు వకీలే చిత్తు వ్రాసి ఈయగా, దానినే ఆ మునసబు తన తీర్పుగ చదివెనన్న సంగతి ఆయన చెవినిబడెను. ఇటువంటి మాటలు ఆ రోజులలో కోర్టు గుమ్మము వద్ద రోజుకు పది వినవచ్చును. ఆయన చేసిన విశేషమేమనగా, విన్న మాటను వ్రాయక, ఆ చిత్తు కాగితములనే సంపాదించి ‘వివేకవర్ధని’లో ప్రకటించుట. అంతటితో అది పుకారు కాకపోయెను. వకీలు చేతివ్రాత ఆ ఊరిలో నలుగురును ఎరిగినదే. తీర్పు కోర్టు దస్త్రములో నున్నది. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుటకు ఎవరికైనను కండ్లుంటే చాలును. పైనుండి విచారణ వచ్చెను. మునసబుగారి ఉద్యోగము పోయెను.

ఆ చిత్తు తనంత తాను నడచి రాలేదు. ఎవరో ఒక గుమాస్తాయో, వకీలింట నకళ్ళు వ్రాయు కుఱ్ఱవాడో, ఓడిపోయిన కక్షిదారుని బంధువో దానిని ఒడిలో దాచి తెచ్చియుండవలెను. మన పత్రికా చరిత్రలలో సంపాదకులకు చిత్రపటములు కలవు, ఇట్టివారికి పేరైనను లేదు. ఉండకుండుటయే వారికి క్షేమము. పరిశోధనమునకు మొదటి షరతు ఇదియే: కాగితమిచ్చినవాడెవడో కాగితముమీద కనబడరాదు. వీరేశలింగం పంతులుగారు ఎందరి పేర్లనో బట్టబయలు చేసిరి గాని, ఆధారములు తెచ్చి ఇచ్చినవారి విషయమున పాటించిన మౌనము ఆయన రచనలన్నిటికంటె తక్కువది కాదని నా అభిప్రాయము.

ఆధారము దొరకని చోట ఆయన మరియొక మార్గమును త్రొక్కిరి. పత్రికలో నేరుగా వ్రాసిన మాననష్టపు దావా పడును; ప్రహసనమున వ్రాసినచో, ఆ పాత్ర నేనేనని ఎవడు కోర్టుకు పోయి ఒప్పుకొనును? ప్లీడరు నాటకమని జనులు పిలుచుకొనిన ‘వ్యవహార ధర్మబోధిని’ ఇట్టిదే. అందు వకీళ్ళు, కక్షిదారులు, సాక్షులు తమ తమ యాసలతో మాటలాడుదురు. రుసుము బేరమునుండి కూటసాక్షికి పాఠము చెప్పుట వఱకును వరుసగ కనబడును. నాటకచరిత్రకారులు దీనిని వ్యావహారిక సంభాషణలకొఱకు మెచ్చుకొందురు. నేను దీనిని పత్రికా రచనలోనే జమకట్టుదును: రుజువు కాని సత్యమునకు ఆయన ఏర్పరచిన రెండవ పుట అది.

చట్టము సంగతియు చెప్పవలెను. 1867వ సంవత్సరపు ముద్రణాలయముల చట్టము ననుసరించి పత్రిక పెట్టదలచినవాడు మేజిస్ట్రేటు ఎదుటకు పోయి, తాను ముద్రాపకుడననియు ప్రకాశకుడననియు ప్రమాణపత్రము దాఖలు చేయవలసియుండెను. ప్రతి సంచికపైనను ఆ పేరు, ఆ స్థలము ముద్రింపవలసియుండెను. అనగా, ఏ కచేరీ గుట్టును వెలికితీయనున్నాడో ఆ కచేరీకే పోయి మొదట తన పేరు, విలాసము వ్రాసి ఇచ్చి రావలసియుండెనన్నమాట. 1878లో లిట్టన్ ప్రభువు తెచ్చిన దేశభాషా పత్రికల చట్టము దక్షిణాదికి వర్తింపకుండుటచే తెలుగు సంపాదకులు ఆ గండము తప్పించుకొనిరి. శిక్షాస్మృతి మాత్రము తప్పలేదు. 1862 జనవరి మొదలుగ 2024 వఱకు అమలులోనుండిన ఆ స్మృతి 499వ సెక్షనులో మాననష్టమునకు పది మినహాయింపులు ఉండెను. అందు మొదటిది, వ్రాసినది నిజమైయుండి లోకహితార్థమై ప్రకటింపబడినచో నేరము కాదనునది. నిజమైనంత మాత్రమున చాలదు, లోకమునకు మేలు కలుగునదియు కావలెను. ఈ రెండును రుజువు చేయవలసిన భారము వ్రాసినవానిదే. కనుక పల్లెపట్టణపు సంపాదకుడు ఆ సెక్షనును సంధ్యావందనమువలె కంఠస్థము చేసినచో ఆశ్చర్యపడరాదు. పిమ్మట 1910వ సంవత్సరపు చట్టము వచ్చి, కొత్తగ ముద్రణాలయము పెట్టువాడు 500 రూప్యములు మొదలు 2000 రూప్యముల వఱకు ధరావతు కట్టవలసివచ్చునని శాసించెను. చందాలు వసూలుగాక అచ్చు కాగితమునకు అప్పు చేయు వారపత్రికకు అది చిన్న మొత్తము కాదు.

ఇక పని జరుగు తీరును చూతము. స్థానిక పత్రిక కార్యాలయమునకు ఆధారము సామాన్యముగ ఆకాశరామన్న ఉత్తరము రూపమున వచ్చును. సంతకము లేదు, చేతివ్రాత కావలెనని వంకరగ వ్రాసినది, మొదటి పుటయంతయు ధర్మపన్నములు, రెండవ పుటలో తిట్లు, మూడవ పుట చివర, తీరిక చేసికొని చదివినవానికి మాత్రము, ఒక సర్వే నంబరో, ఒక తేదీయో, ఒక రశీదు సంగతియో కనబడును. అనుభవము గల సంపాదకుడు మొదటి రెండు పుటలను విడిచి ఆ మూడవదానిని పట్టుకొనును. ముందు తపాలా ముద్ర చూచును: ఉత్తరము ఫిర్యాదు చేసిన ఊరినుండియే వచ్చినదా, ప్రక్క ఊరి డబ్బాలో వేయబడినదా? ప్రక్క ఊరిదైనచో వ్రాసినవాడు నిజముగ భయపడినవాడు, కావున కొంత నమ్మదగినవాడు. తరువాత సంతకు పోయినట్లో, పెండ్లికి పోయినట్లో ఆ ఊరికి పోవును. కరణమును తిన్నగ అడుగడు. కరణమునకు పడనివానినిగూడ తిన్నగ అడుగడు, ఏలయన వాడు చెప్పునది పగ. రైతు ఇంట చూరులో చెక్కిన తహసీలు రశీదును, కరణము లెక్కలోని మొత్తమును వేర్వేరుగ చూచి వచ్చి, ఆ రెంటికి నడుమ కనబడిన తేడాను మాత్రము వ్రాయును. తిట్టు ఒక్కటి ఉండదు. అట్టి వార్తకు కరణము బదులు చెప్పలేడు. తిట్టియున్నచో తిట్టునకు బదులు తిట్టి బయటపడియుండును.

ఇట్లు రశీదులను, లెక్కలను పట్టుకొని దీర్ఘకాలము పోరాడిన పత్రికలలో నెల్లూరి ‘జమీన్ రైతు’ను తప్పక పేర్కొనవలెను. వేంకటగిరి జమీందారీ రైతుల కష్టములనుండి పుట్టి, నెల్లూరు వేంకటరామానాయుడుగారి చేతిలో పెరిగిన ఆ వారపత్రికకు జిల్లాయే ప్రపంచము. పశువుల మేతకు, పుల్లలకు, చెఱువు మరమ్మతునకు జమీందారు ఉద్యోగులు పెట్టు పేచీలు మదరాసు దినపత్రికల కంటికి ఆనునంతటివి కావు. ఆ జిల్లా రైతునకు వానికి మించిన వార్త లేదు. 1937లో ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘమేర్పడి ఎస్టేటులు తిరిగి సాక్ష్యములు తీసికొనినప్పుడు, రైతులు తడబడక తేదీలతో, లెక్కలతో మాటలాడగలిగిరన్నచో, అంతకు ముందు కొన్నియేండ్లుగ ఆ సంగతులు ఊరూర చదివి వినిపింపబడుచుండుట అందులకొక కారణమని నేను తలతును.

అన్ని చిన్న పత్రికలును ఇట్లే నడచినవని భ్రమింపరాదు. వేయుటకుగాక వేయకుండుటకు డబ్బు పుచ్చుకొను పత్రికలును ప్రతి పట్టణమున పుట్టినవి. ‘వచ్చే సంచికలో పూర్తి వివరములు’ అని ఒక పెట్టె కట్టి వేయుట, ఆ పెద్దమనిషి సాయంకాలము కార్యాలయమునకు వచ్చుట, వచ్చే సంచికలో ఆ వివరములకు బదులు ఆయన కుమారుని వివాహ ప్రకటన వెలువడుట: ఈ నాటకము ఎరుగని పాఠకుడు లేడు. ఈ బేరగాండ్ర వలన కలిగిన నష్టము పెద్దమనుషులకు కాదు, వారిచ్చుకొనగలరు. నిజము వ్రాసిన సంపాదకునికి. వానిని గూర్చియు ‘వీనికేమి అందలేదో’ అని ఊరు అనుకొనసాగెను.

నైజాము రాష్ట్రపు తెలుగు సీమలో పని ఇంకను కఠినము. అచ్చట పత్రిక పెట్టుటయే ఒక సాహసము. సర్కారు భాష ఉర్దూ. తెలుగులో చదువుకొనినవారే కొలది. అయినను 1922 ఆగస్టులో, కొలదిదినముల తేడాతో, రెండు వారపత్రికలు వెలువడెను. నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారి ‘నీలగిరి’ ఒకటి. మానుకోట తాలూకాలోని ఇనుగుర్తి అను పల్లెనుండి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ రెండవది. పట్టణమున పత్రిక పుట్టుట లోకసహజము. పల్లెలో ముద్రణయంత్రము పెట్టి, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను అన్నదమ్ములిద్దరును తామే వ్రాసి, తామే అక్షరములు కూర్చి, తామే అచ్చొత్తి, తామే తపాలాకు పంపిన పత్రికయన్నచో దానికి సాటి వెదకవలసియుండును. పట్వారీ, పటేలు, దొర గడీ, పత్రికా కార్యాలయము అన్నియు ఒక్క పొలిమేరలోనివే; గోడలకు చెవులుండుట అటుంచి, గోడలే తక్కువ.

1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి సురవరము ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ పత్రిక’ బయలుదేరి, వారమునకు రెండుమారులు వెలువడుచు, ఈ పనిని రాష్ట్రమంతటికిని విస్తరింపజేసెను. దానికి పల్లెలలో జీతము లేని విలేఖరులు ఉండిరి: ఒక బడిపంతులు, ఒక వైద్యుడు, గ్రంథాలయము నడుపు ఒక యువకుడు. వారు వ్రాయు వార్తలలో తరచుగ కానవచ్చునది వెట్టి. తహసీలుదారో, గిరిదావరో, పోలీసు అమీనో దౌరాపై ఊరికి వచ్చినచో, కుమ్మరి కుండలీయవలెను, చాకలి వంటసామాను తోమి నీరు మోయవలెను, మాదిగ చెప్పులును, బండి తోళ్ళును సమకూర్చి సామాను తలకెత్తుకొని ప్రక్క ఊరి దాక పోవలెను, కోమటి బియ్యము, నేయి సర్కారు ధరకు, అనగా చాల సందర్భములలో ఊరకనే, పంపవలెను. ఇవన్నియు సర్కారు నిబంధనలకే విరుద్ధములు. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘము మాడపాటి హనుమంతరావుగారి దక్షతచే వెట్టిని గూర్చి చిన్న పుస్తకము వేసి ఆ నిబంధనలను జనులకు తెలియజేసెను. ‘గోలకొండ’ విలేఖరి చేతికి ఇంతకన్న మంచి ఆయుధము లేదు. అతడు ప్రభువును విమర్శింపనక్కరలేదు. ప్రభువు ఉత్తరువును ఒకవైపు పెట్టి, ఆ వారము ఊరిలో అమీనుగారి బసలో ఏయే వస్తువులు వెల లేక ఖర్చయినవో మరియొకవైపు పెట్టినచో చాలును. ఉద్యోగి తన ప్రభువు ఆజ్ఞనే మీరినవాడుగ తేలును.

ఆ విలేఖరుల అల్లిక ఎంత గట్టిదో తెలుపు నిదర్శనమొకటి సాహిత్యరంగమున కలదు. నైజాములో తెలుగు కవులు పూజ్యమని ఎవరో వ్రాసిన మాటకు ప్రతాపరెడ్డిగారు వాదముతో బదులు చెప్పలేదు. ఊరూరికి వ్రాసి, కవుల పేర్లు, ఊళ్ళు, పద్యములు తెప్పించి, 354 మందితో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. విమర్శకులు దానిని కవితా సంకలనమందురు. నాకది ఒక అబద్ధముపై జరిపిన విచారణ నివేదికగ తోచును. ఏలయన వెట్టివార్తకును ఈ సంచికకును సామగ్రి వచ్చిన త్రోవ ఒక్కటే.

ఇనుగుర్తి ఏ తాలూకాలోనిదో ఆ మానుకోట తాలూకాలోనే పుట్టిన షోయబుల్లాఖాన్ గారు ఉర్దూలో వ్రాసినవారు. ‘తేజ్’లో పనిచేసిరి, అది మూతపడెను, మందుముల నరసింగరావుగారి ‘రయ్యత్’లో చేరిరి, దానిని సర్కారు మూయించెను, 1947 నవంబరులో తామే ‘ఇమ్రోజ్’ను స్థాపించి, రజాకార్ల దురంతములను పేర్లతో, స్థలములతో వ్రాయసాగిరి. 1948 ఆగస్టులో, ఇరువదియెనిమిదవ యేడైనను నిండకమునుపే, రాత్రి కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగ కాచిగూడ ప్రాంతమున హంతకులు కాల్చి, చేతిని నరికిరి. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమగుటకు అప్పటికి నెలయైనను లేదు. పత్రికా కార్యాలయమునకును, ఇంటికిని నడుమనున్న ఆ కొలది దూరమే స్థానిక పత్రికాకర్తకు అన్నిటికన్న ప్రమాదకరమగు ప్రయాణము. 1985 అక్టోబరులో ‘ఎన్‌కౌంటర్’ పత్రిక సంపాదకుడు పింగళి దశరథరామ్ గారు విజయవాడ వీథిలోనే హత్య గావింపబడుటనుబట్టి, ప్రభుత్వములు మారినను ఆ దూరము తరుగలేదని తెలియుచున్నది.

ఈలోగా కథ వేరు త్రోవ పట్టెను. 1974 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణమున ‘ఈనాడు’ వెలసి, 1989లో జిల్లాకొక చిన్న పత్రికను లోపల చేర్చి పంచసాగినతోడనే, తక్కిన దినపత్రికలును ఆ త్రోవనే నడిచెను. వెనుక ఒక వారపత్రిక నెలకొకమారు పట్టుకొను గుంతల రోడ్డు, రేషను బియ్యము, బడి కట్టడము ప్రతిదినము వార్తలైనవి. ఇది సామాన్యమైన లాభము కాదు. నష్టము మరియొకచోట జరిగెను. సంపాదకుడు నగరమునకు పోయెను. మండల కేంద్రమున మిగిలినది కంట్రిబ్యూటరు. అతనికి జీతము లేదు, లైన్ అకౌంటు కలదు. వార్త పడిన కొలది ముట్టును. ఏటికి ఇంతని ప్రకటనలు తెచ్చి పెట్టవలసిన బాధ్యతయు అతనిదే. ఉగాదికి శుభాకాంక్షల ప్రకటన ఏ కాంట్రాక్టరు వద్ద తెచ్చెనో, శ్రావణమున ఆ కాంట్రాక్టరు వేసిన కాలువగట్టు తెగినదని వ్రాయుట ఎట్లు? వీరేశలింగం పంతులుగారికి బడిజీతము కలదు, ముద్రణాలయము కలదు. వ్రాయవలెనో వద్దో తేల్చుకొనుటకు తానొక్కరే. ఈ యువకునికి పై మూడింటిలో ఏదియు లేదు.

పంతులుగారికి లేనిదొకటి మాత్రము ఇతనికి దొరికెను. వెనుక గుమాస్తా ఒడిలో దాచి తేవలసిన కాగితమును, 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము వచ్చినది మొదలు, అర్జీ పెట్టి ముప్పది దినములలో అడిగి పుచ్చుకొనవచ్చును. మన రాష్ట్రపు నిబంధనల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయమున అర్జీకి రుసుము లేదు, మండలస్థాయిని 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఉపాధి హామీ మస్టరు రోళ్ళలో చనిపోయినవారి వేలిముద్రలు, కట్టని మరుగుదొడ్లకు వ్రాసిన బిల్లులు ఇట్టి అర్జీల మూలముననే బయటపడుచున్నవి. అయితే ఆ అర్జీని ఎవరి లెక్క అడుగుచున్నాడో ఆ కార్యాలయమునకే ఈయవలెను. అందు తన పేరు, విలాసము స్పష్టముగ వ్రాయవలెను. మధ్యాహ్నము అర్జీ అందుకొనిన గుమాస్తా సాయంకాలమునకు కాంట్రాక్టరునకు ఫోను చేయును, రాత్రికి కాంట్రాక్టరు మనిషి కంట్రిబ్యూటరు మేనమామ ఇంటికి పోయి, కుశలప్రశ్నలడిగి, మంచినీళ్ళు త్రాగి, మీవాడు ఈ మధ్య అర్జీలు పెట్టుచున్నాడట కదాయని ఒక్క మాట చెప్పి వచ్చును.